మంగళవారంతో మంగళవారం: మహానగరమా, సొంతూరా అన్న ప్రశ్నతో వచ్చిన ఒక కుటుంబం

పెద్ద నిర్ణయాల ముందు నిలబడిన కుటుంబాలతో కూర్చుని ఆలోచించడం నా వృత్తి. నా దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: మహానగరంలో ఉండిపోవాలా, సొంతూరికి తిరిగి వెళ్లాలా? ఐక్యరాజ్యసమితి 2018 అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో 55 శాతం పట్టణాల్లోనే ఉంది. కానీ వలస ఒకే దిక్కుకు పారే ఏరు కాదు. ప్రతి ప్రధాన వలస ప్రవాహానికీ ఒక ఎదురు ప్రవాహం ఉంటుందని భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టీన్ 1885లోనే రాశాడు. ఆ ఎదురు ప్రవాహంలో దిగబోయేవారిని ఒడ్డున కలుసుకోవడమే నా పని.

ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం ఇందులో నేను మొదట చేసిన పొరపాటు. దానివల్ల ఒక కుటుంబం తనకు సరిపడని నిర్ణయానికి దాదాపు ఒప్పేసుకుంది. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా వయసులు, వృత్తుల వివరాలు కొంత మార్చాను. ఊళ్ల పేర్లు చెప్పడం లేదు.

వచ్చినవాళ్లు

భర్తకు 42 ఏళ్లు. సంస్థల లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్. భార్యకు 39. ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు. మాటలు ఆలస్యమైన పిల్లలకూ, పక్షవాతం తర్వాత మింగడం కష్టమైన రోగులకూ చికిత్స చేస్తుంది. కూతురికి 13, కొడుక్కి 7. నగరానికి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. అతని తండ్రికి 74 ఏళ్లు. నాలుగేళ్ల కిందట భార్య పోయినప్పటి నుంచి సొంతూరిలో ఒక్కరే ఉంటున్నారు. వీళ్లు నా దగ్గరికి రావడానికి నెల రోజుల ముందు ఆయన స్నానాల గదిలో జారిపడ్డారు. మణికట్టు విరిగింది.

ఆ కబురు ఫోనులో అందిన సమయానికి భర్త ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాడు. గంటన్నర పాటు ముందుకూ పోలేడు, వెనక్కీ తిరగలేడు. "ఆ కారులో కూర్చునే నిర్ణయించుకున్నానండీ, ఇక ఈ నగరం చాలని" అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతు వణికింది.

ఆమె అవుననలేదు, కాదనలేదు. చేతిలోని సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. దాన్ని నేను చూశాను గాని, పట్టించుకోలేదు.

మొదటి పట్టిక, నా పొరపాటు

ఇలాంటి కేసుల్లో చాలామంది సలహాదారులు చేసే పనే నేనూ చేశాను. ఒక కాగితం మీద ఎనిమిది అంశాలు రాయించాను: ఆదాయం, ఇంటి ఖర్చు, గాలి, పిల్లల స్వేచ్ఛ, తండ్రికి తోడు, చదువు, వైద్యం, ఉద్యోగ అవకాశాలు. ఒక్కోదానికి ఎంత ప్రాధాన్యమో, ఏ ఊరికి ఎన్ని మార్కులో వేయమన్నాను. కూడితే సొంతూరికి 71, నగరానికి 62 వచ్చాయి. అతను తేలికపడ్డాడు. "లెక్క తేలిపోయింది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ మౌనాన్ని అంగీకారం అనుకున్నాను.

మూడో రోజు ఆమె ఫోన్ చేసింది. "మేము వేసిన మార్కుల్లో నావి ఎన్ని ఉన్నాయో ఒకసారి చూస్తారా?" అని మాత్రం అడిగింది.

నా దగ్గరున్న నకలు తీసి చూశాను. ఎనిమిది అంశాలూ అతని నోటి నుంచి వచ్చినవే. మార్కులు అతను చెప్పాడు, ఆమె తలూపింది. ఆమె పద్దెనిమిదేళ్ల వృత్తి "ఉద్యోగ అవకాశాలు" అన్న ఒకే వరుసలో అతని వృత్తితో కలిసిపోయి ఉంది. ఇద్దరి జీవితాలను ఒకే గడిలో కుక్కి, దానికి అతని చేతే మార్కులు వేయించాను. మార్కుల పట్టిక ఎవరినీ అబద్ధమాడమని అడగదు. కానీ ముందు ఎవరు మాట్లాడతారో వాళ్ల కోరికకు అంకెల రూపం ఇచ్చేస్తుంది. ఆ రోజు నుంచి దంపతులిద్దరినీ ఒకే కాగితం మీద రాయమనడం మానేశాను.

ఇంకో తప్పు కూడా అందులోనే దాగి ఉంది. నగరానికి మార్కులు వేసేటప్పుడు అతని కళ్లముందు ఉన్నది సోమవారం సాయంత్రపు ట్రాఫిక్. సొంతూరికి వేసేటప్పుడు ఉన్నది సెలవు రోజు ఉదయం. ఒక ఊరి పనిదినాన్ని తెచ్చి ఇంకో ఊరి సెలవురోజు పక్కన నిలబెడితే ఏది గెలుస్తుందో చెప్పడానికి పట్టిక అక్కర్లేదు. పరిశోధకులు డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ 1998లో ప్రచురించిన అధ్యయనం నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. కాలిఫోర్నియాలో, అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతంలో చదువుకునే విద్యార్థులను అడిగితే, కాలిఫోర్నియాలో ఉండేవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు చోట్లవాళ్లూ ఊహించారు. తమ జీవితం గురించి చెప్పమన్నప్పుడు మాత్రం ఇద్దరి సంతృప్తీ దాదాపు సమానంగానే తేలింది. రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తేడాకు మనసు లేని బరువు ఇస్తుంది. అక్కడికి వెళ్లి బతకడం మొదలుపెట్టాక ఆ తేడా రోజులో చాలా చిన్న భాగమైపోతుంది.

అందుకని వాళ్లిద్దరినీ మళ్లీ పిలిచి, పొరపాటు నాదని చెప్పాను. మొదటి పట్టికను పక్కన పెట్టమని కోరాను. ఇకనుంచి మంగళవారాన్ని మంగళవారంతోనే పోల్చాలన్నాను.

గంటల లెక్క

రెండు వారాల పాటు ఇద్దరూ విడివిడిగా డైరీ రాయాలి. ప్రతి అరగంటకు ఏం చేశారు, ఆ అరగంట ఎలా గడిచింది, దానికి పదికి ఎన్ని మార్కులు అన్నవి రాయాలి. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. కానెమన్, అలన్ క్రూగర్ బృందం 2004లో వెలువరించిన అధ్యయనంలో టెక్సాస్‌లోని 909 మంది ఉద్యోగినుల చేత ముందురోజును ఘట్టాలుగా విడదీసి రాయించారు. ఉదయం పనికి వెళ్లే ప్రయాణమే వాళ్ల రోజులో అట్టడుగున నిలిచింది.

అతని డైరీలో ప్రయాణం రోజుకు సగటున 2 గంటల 50 నిమిషాలు. ఒకరోజు మూడు గంటల నలభై. దానికి దాదాపు ప్రతిరోజూ రెండే మార్కులు. ఆమె ప్రయాణం మొత్తం 40 నిమిషాలు, అందులో సగం నడక. దానికి ఏడు మార్కులు వేసింది. పక్కన చిన్న అక్షరాలతో, "నన్ను ఎవరూ ఏమీ అడగని సమయం ఇదొక్కటే" అని రాసుకుంది.

ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ రెండు వేర్వేరు నగరాల్లో బతుకుతున్నారు. అతను "ఈ నగరం" అన్న ప్రతిసారీ ఆమెకు అది తన నగరంలా ఎందుకు వినిపించలేదో ఆ రెండు డైరీలు పక్కపక్కన పెట్టాకే ముగ్గురికీ అర్థమైంది.

మనుషులు కాలినడకన తిరిగిన రోజుల నుంచి కార్ల కాలం దాకా రోజుకు సగటున ఒక గంట చుట్టూనే ప్రయాణానికి కేటాయిస్తూ వచ్చారని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో వాదించాడు. వాహనం వేగం పెరిగితే ఊరు విస్తరిస్తుంది తప్ప ఆ గంట తగ్గదు. అతను ఆ గంటకు దాదాపు మూడింతలు రోడ్డు మీద పోస్తున్నాడు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆ కష్టానికి బదులుగా మెరుగైన జీతమో చవక ఇల్లో దక్కాలని ఆర్థికశాస్త్రం చెబుతుంది. అంటే అంతా కలుపుకుంటే వాళ్ల సంతృప్తి తగ్గకూడదు. కానీ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే జర్మనీ సర్వే వివరాలను పరిశీలిస్తే, ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద సంతృప్తి తగ్గుతూ కనిపించింది. పెద్ద ఇల్లు రోజూ కనిపిస్తుంది కాబట్టి దానికి విలువ కడతాం. రోజూ కరిగిపోయే గంటకు విలువ కట్టడం మనకు చేతకాదు.

అతన్ని ఒకటే అడిగాను. "ఆ ప్రయాణం లేకపోతే నగరం మీద మీ కోపంలో ఎంత మిగులుతుంది?" చాలాసేపు డైరీ పేజీలు తిప్పాడు. "సగం కూడా మిగలదేమోనండీ. కానీ నాన్న సంగతి మిగులుతుంది" అన్నాడు. నిజాయితీగా వచ్చిన జవాబు అది. అప్పటి వరకు ఒకే ముద్దగా ఉన్న సమస్య రెండుగా విడిపోయింది. ఒకటి రోడ్డు, రెండోది తండ్రి. ఈ రెండింటికీ మందు ఒకటే కానక్కర్లేదు.

ఎవరి పని ఏ ఊరిలో నిలుస్తుంది

ఇక్కడ భార్యాభర్తల దారులు పూర్తిగా వేరయ్యాయి. అతని పనిలో చాలా భాగం కంప్యూటర్ మీదే. పద్దెనిమిదేళ్లలో నేర్చుకున్నది ఊరు మారితే పోయేది కాదు. స్పెయిన్ ఉద్యోగుల రికార్డుల ఆధారంగా ఆర్థికవేత్తలు హోర్హె దె లా రోకా, దియేగో పూగా 2017లో ప్రచురించిన పరిశోధన చెప్పేది కూడా ఇదే. పెద్ద నగరంలో గడించిన అనుభవానికి విలువ ఎక్కువ, నగరం విడిచి వెళ్లాక కూడా ఆ విలువలో చాలా భాగం మనిషి వెంట వస్తుంది. వృత్తి జీవితం మధ్యలో ఉన్నవాళ్లకు నేను ఇది తప్పకుండా చెబుతాను. నగరం వదిలితే సంపాదించుకున్నదంతా పోతుందన్న భయం వాళ్లను అనవసరంగా కట్టిపడేస్తుంది.

అతని విషయంలో ఒక జాగ్రత్త మాత్రం చెప్పాను. అతని చివరి రెండు ఉద్యోగాలూ ఏడాదికి ఒకసారి కూడా కలవని పరిచయస్తుల ద్వారానే వచ్చాయి. అది అతనొక్కడి అనుభవం కాదు. సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో తరచుగా కలిసే మనిషి ద్వారా దొరికినవాళ్లు 16.7 శాతమే. మిగతావాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవాళ్లు. చిన్న ఊరిలో గాఢమైన బంధాలు ఉంటాయి, ఇలాంటి పలుచని బంధాలు తక్కువ. నగరంలో ఉన్న పలుచని బంధాలు దూరం వెళ్లాక కొన్నేళ్లలో మాసిపోతాయి.

ఆమె సంగతి వేరు. కూలీ సైతం కొన్ని రకాల పనులతో పెద్ద పట్టణంలోనే బతకగలడని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో మూటలు మోసే మనిషిని ఉదాహరణగా చూపి చెప్పాడు. మామూలు సంత పట్టణం అతనికి నిరంతరం పని ఇచ్చేంత పెద్దది కాదన్నాడు. అంత మామూలు పనికే అలా అయితే, మింగడం కష్టమైన రోగులకు చికిత్స చేసే మనిషికి ఎంత జనం కావాలి? ఊహించి మాట్లాడవద్దని, అక్కడి ఆసుపత్రికీ ఇద్దరు వైద్యులకూ ఆమె చేతే ఫోన్ చేయించాను. మాటలు ఆలస్యమైన పిల్లలు సరిపడా ఉన్నారు. ఆమె ఏళ్ల తరబడి సాధన చేసిన రెండో రకం రోగులు మాత్రం నెలకు నలుగురో ఐదుగురో.

ఆమెను అంతకన్నా ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. "కష్టమైన కేసు వస్తే పక్క గదిలోకి వెళ్లి అడుగుతాను. అక్కడ పక్క గది ఉండదు" అంది. ఒకే వృత్తివాళ్లు ఒకచోట గుమికూడితే ఆ వృత్తి రహస్యాలు గాలిలో తేలుతున్నట్టు ఉంటాయని ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో రాశాడు. ఆయన పరిశ్రమల గురించి రాసిన మాటను ఆమె తన గదుల వరుస నుంచి చెప్పింది. ఆ రోజు భర్త మొదటిసారి కలం పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు. పద్దెనిమిదేళ్లుగా తన భార్య ఆ పక్క గదిలోకి వెళ్లి ఏం అడుగుతుందో అతనికి తెలియదు.

ఐదు వారాలు

రాజీనామా రాయకముందే అక్కడ ఉండి చూడాలని పట్టుబట్టాను. మార్పు కోరుకునేవాళ్లను ధైర్యంగా దూకమని చెప్పడానికి కొందరు సహోద్యోగులు ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ నాణెం ప్రయోగాన్ని చూపిస్తారు. ఎటూ తేల్చుకోలేనివాళ్ల చేత నాణెం ఎగరేయించాడు. మార్పు వైపు వెళ్లినవాళ్లు ఆరు నెలల తర్వాత ఎక్కువ సంతోషంగా ఉన్నట్టు తేలింది. 2021లో అచ్చయిన ఆ ఫలితాన్ని నేను గౌరవిస్తాను. కానీ అక్కడ తన నాణేన్ని ఎవరికివారే ఎగరేసుకున్నారు. ఇక్కడ ఒక మనిషి విసిరే నాణెం మీద ఐదు జీవితాలున్నాయి.

నియమాలు రాసుకున్నాం. అతను అక్కడి నుంచి పూర్తి పని గంటలు చేయాలి. ఆమె జీతం లేని సెలవు పెట్టి, అక్కడి ఆసుపత్రిలో వారానికి రెండు రోజులు పనిచేయాలి. ఇంటి పని, బజారు పని, బిల్లులు అన్నీ వాళ్లే చూసుకోవాలి. పిల్లలకు మాత్రం అవి బడి సెలవులు. ఆ లోపం ఉందని ముందే రాసి పెట్టుకున్నాం.

మొదటి వారం పలకరింపులతోనే సరిపోయింది. ఆ వారపు డైరీని లెక్కలోకి తీసుకోలేదు. రెండో వారం నుంచి మామూలు రోజులు మొదలయ్యాయి. అతని నిద్ర రోజుకు 45 నిమిషాలు పెరిగింది. తండ్రితో కలిసి ఉదయం నడకకు వెళ్లిన ప్రతిరోజూ ఆ గంటకు తొమ్మిదో పదో మార్కులు వేశాడు. కానీ సాయంత్రాల పేజీలు ఖాళీగా మిగిలాయి. అతని మనసులోని సొంతూరు నిండా చిన్ననాటి స్నేహితులు ఉండేవారు. వాళ్లలో ఇద్దరు ఎప్పుడో ఊరు విడిచారు. ఉన్న ఒక్కడూ రాత్రి తొమ్మిది దాకా వ్యాపారంలోనే ఉంటాడు. ఐదు వారాల్లో నాలుగుసార్లు కలిశారు. "వాడికి వాడి జీవితం ఉంది కదండీ" అన్నాడు నాతో. అతన్ని తప్పు పట్టలేక, తన దిగులు దాచుకోలేక అన్న మాట అది. సమాజశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ షుట్జ్ 1945లో యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చే సైనికుల గురించి ఇదే రాశాడు. తిరిగొచ్చినవాడికి తాను వదిలి వెళ్లిన ఇల్లు దొరకదు, ఇంట్లోవాళ్లకు తాము సాగనంపిన మనిషి దొరకడు.

కొడుకు గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. నగరంలో ఆ పిల్లవాడు బయట గడిపే సమయం రోజుకు 35 నిమిషాలు, అదీ పెద్దవాళ్ల చేయి పట్టుకుని. సొంతూరిలో మూడో రోజుకే పక్క వీధి పిల్లలతో కలిసి పోయాడు. రోజుకు మూడు గంటలు బయటే. ఎవరూ వెంట లేరు. మోకాలి చిప్ప గీరుకుపోయింది, సైకిల్ తొక్కడం వచ్చింది, ఇద్దరు పిల్లల మధ్య తగవు తీర్చి వచ్చాడు. ఏడేళ్ల పిల్లవాడికి తనంత తాను తిరిగే వీధి ఉండటం ఎంత పెద్ద సంపదో నా మొదటి పట్టికలోని "పిల్లల స్వేచ్ఛ" అన్న మాట కొంచెం కూడా చెప్పలేకపోయింది. నగరాల్లో పెరిగే పిల్లల నుంచి మనం చాలా మౌనంగా తీసేసుకున్నది ఇదే. దీనికి నేను చూపగలిగిన పరిష్కారం ఈ కేసులో లేదు.

కూతురిది ఇందుకు పూర్తిగా ఎదురు అనుభవం. "నేను ఎక్కడికైనా వెళ్లి ఇంటికి తిరిగొచ్చేలోపే నేను ఎక్కడికి వెళ్లానో తాతయ్యకు తెలిసిపోతుంది" అని ఫిర్యాదు చేసింది. తల్లికీ అలాంటిదే ఎదురైంది. ఆసుపత్రిలో ఆమెను పరిచయం చేసేటప్పుడు పేరు కన్నా ముందు ఫలానావారి కోడలు అన్నారు. ప్రేమతోనే అన్నారు. అవమానంగా తీసుకోలేదని, కానీ సాయంత్రం ఇంటికొచ్చి తన పాత గుర్తింపు కార్డు తీసి చూసుకున్నానని ఆమె తర్వాత చెప్పింది. మహానగరపు పట్టింపులేనితనంలో మనిషికి ఒక స్వేచ్ఛ ఉందని సమాజశాస్త్రవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 1903లో రాసింది పదమూడేళ్ల పిల్ల ముఖంలో కనిపించింది.

అయితే నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం పెద్దాయనకు కళ్లు తిరిగాయి. ఇంట్లో కూతురు ఒక్కతే ఉంది. ఆమె కేక వేసిన ఐదు నిమిషాల్లో నలుగురు ఇరుగుపొరుగువాళ్లు లోపల ఉన్నారు. ఒకరు మంచినీళ్లు, ఒకరు వైద్యుడికి ఫోను, ఒకరు బండి. నగరవాసులు రాతిగుండెవాళ్లు కారు. తట్టుకోలేనన్ని ముఖాలు, మాటలు మీద పడుతుంటే తమ శ్రద్ధను పొదుపుగా వాడుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1970లో వివరించాడు. చిన్న ఊరిలో ఆ పొదుపు అక్కర్లేదు. ఆ పిల్ల ఎటు వెళ్లిందో గమనించిన కళ్లే ఆ మధ్యాహ్నం పరుగెత్తి వచ్చాయి. ఒకటి ఉంచుకుని ఇంకొకటి వద్దనే వీలు లేదు. నగరంలోనూ అంతే. లూయిస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ బృందం 2007లో చూపినదాని ప్రకారం నగర జనాభా రెట్టింపయితే తలసరి వేతనాలు, కొత్త ఆవిష్కరణలు సుమారు 15 శాతం పెరుగుతాయి. నేరాలు, అంటువ్యాధులు కూడా అదే దారిలో పెరుగుతాయి. జనం దగ్గరదగ్గరగా మసలడమే రెండింటికీ మూలం.

వైద్యం విషయంలో ఇద్దరి వాదనలనూ గడియారంతో తేల్చాం. మెదడులో రక్తపు గడ్డ వల్ల పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఎంత ముందైతే అంత మేలు. ముందుగా స్కాన్ తీయాలి. కాబట్టి ఎన్ని ఆసుపత్రులు ఉన్నాయన్నది ప్రశ్న కాదు. రాత్రీ పగలూ స్కాన్, ఆ మందు ఉన్న చోటికి ఎంతసేపట్లో చేరతామన్నదే ప్రశ్న. తండ్రి ఇంటి నుంచి అతను స్వయంగా బండి నడిపి చూశాడు: గంటా పది నిమిషాలు. నగరంలో వాళ్ల ఇంటి నుంచి 8 కిలోమీటర్ల దూరంలోని అలాంటి ఆసుపత్రికి రద్దీ వేళ 50 నిమిషాలు పట్టింది. తేడా ఉంది, కానీ ఎవరూ అనుకున్నంత లేదు. ఈ పనిని నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబానికీ ఇప్పుడు చెబుతున్నాను.

పెద్దాయన మాట

అప్పటి వరకు ఎవరూ అడగని మనిషి ఒకరున్నారు. ఆయన కోసమే ఇదంతా అని అందరూ అంటున్నారు. ఐదో వారంలో నేను ఆయనతో వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడాను.

"నేను ఒంటరిగా ఉన్నానని మావాడు అందరికీ చెబుతున్నాడు. ఐదున్నరకు లేస్తాను, నడుస్తాను, గ్రంథాలయానికి వెళ్తాను, సాయంత్రం ముగ్గురం స్నేహితులం కూర్చుంటాం. నేను పడింది స్నానాల గదిలో. దానికి గోడకు పట్టుకునే కడ్డీ కావాలి. ఒక కుటుంబమంతా తరలిరావడం ఎందుకు?" అన్నారు. కాసేపు ఆగి, "రావాలని ఉంటే రమ్మనండి, సంతోషిస్తాను. నా పేరు చెప్పి మాత్రం రావద్దనండి. రేపు ఆ అమ్మాయి పని పోయిందని కుమిలిపోతే ఆ భారం నేను మోయలేను" అన్నారు.

పెద్దవాళ్లు ఇలాంటి మాటలు పిల్లల బరువు తగ్గించడానికి కూడా అంటారు. దాన్ని యథాతథంగా తీసుకుంటే అదీ తప్పే. మనవరాలితో మాత్రం ఆయన ఇంకోమాట అన్నారట: "రాత్రుళ్లు కొంచెం భయంగా ఉంటుందమ్మా." ఆ రెండు మాటలూ నిజమే. పగలు ఆయనకు తోడుంది, రాత్రి లేదు. అందరం కలిసి "తండ్రికి తోడు" అని రాసుకున్న సమస్య అసలు రూపం అది. నాకు అది తెలియడానికి రెండున్నర నెలలు పట్టింది.

తీసుకున్న నిర్ణయం

ఈసారి మార్కులు వేయించలేదు. నలుగురికీ నాలుగు కాగితాలు ఇచ్చి, ఏది పోతే తట్టుకోలేరో అదొక్కటే రాయమన్నాను. అతను "నాన్నతో నెలలో కొన్ని రాత్రులు" అని రాశాడు. ఆమె "పక్క గది" అని రాసింది. కూతురు తన బడి పేరు రాసింది. కొడుకు "అక్కడి వీధి" అని పెద్ద అక్షరాలతో రాశాడు.

నగరంలోనే అతని ఆఫీసుకు దగ్గరగా ఇల్లు మారారు. అతని ప్రయాణం 50 నిమిషాలకు తగ్గింది. ఆమెది గంటన్నరకు పెరిగింది. ఇద్దరిదీ కలిపితే మూడున్నర గంటలు ఉన్నది 2 గంటల 20 నిమిషాలైంది. ఆదాయంలో అద్దె వాటా 24 శాతం నుంచి 31 శాతానికి పెరిగింది. ఇల్లు చిన్నదైంది. నెలకు తొమ్మిది రోజులు అతను తండ్రి దగ్గర ఉండి అక్కడి నుంచే పని చేసేలా సంస్థను ఒప్పించాడు. మిగతా రాత్రులు ఆ ఇంట్లో పడుకోవడానికి ఊరిలోనే చదువుకుంటున్న బంధువుల అబ్బాయిని మాట్లాడుకున్నారు. స్నానాల గదిలో రెండు కడ్డీలు బిగించారు. దానికి ఒక్క పూట పట్టింది.

ఆరు నెలల తర్వాత కలిసినప్పుడు అతని డైరీలో రెండు మార్కుల అరగంటలు చాలా తగ్గాయి. తండ్రి దగ్గర గడిపే రోజుల గురించి మాట్లాడేటప్పుడు అతని ముఖం వికసించింది. ఆ సమావేశంలో నేను అతని వైపే ఎక్కువగా చూశానని తర్వాత గుర్తించాను.

పద్నాలుగు నెలలప్పుడు ఆమెను ఒంటరిగా కలిశాను. నెలకు తొమ్మిది రోజులు ఇద్దరు పిల్లలతో, గంటన్నర ప్రయాణంతో ఇల్లంతా ఒక్కతే ఈదుతోంది. "నన్ను ఎవరూ ఏమీ అడగని సమయం" అని రాసుకున్న నడక పోయింది. ఇప్పుడు రెండు రైళ్లు మారి వెళ్తోంది, నిలబడే. పక్క గది ఉంది, కానీ అందులోకి వెళ్లి అడిగే తీరిక తగ్గిందని చెప్పింది. కోపంగా చెప్పలేదు, అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. అతని గంటలను రక్షించడానికి వేసిన లెక్కలో ఆమె గంటలను మళ్లీ మొత్తంలో కలిపేశాం. 3:30 నుంచి 2:20కి తగ్గిందని నేనే సంతోషంగా చూపించాను. ఆ కూడికలో ఆమె 40 నిమిషాలు 90 అయిన సంగతి వినిపించలేదు.

ఆ వారమే ముగ్గురం కూర్చున్నాం. ఆమె డైరీ అతను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాడు. తొమ్మిది రోజులను ఆరుకు తగ్గించడం, ఆ ఆరు రోజుల్లో కొడుకు సెలవులు కలిసొచ్చినప్పుడల్లా వాడిని వెంట తీసుకెళ్లడం, రెండు ఆఫీసులకూ మధ్యగా ఇంకో ఇల్లు వెతకడం అనుకున్నారు. నగరానికి వచ్చి నెల రోజులు ఉండటానికి పెద్దాయన ఒప్పుకున్నారు. రెండు నెలలు ఉండమంటే మాత్రం, తన సాయంత్రాలు ఏం కావాలని అడిగారు.

కొడుకు రాసిన కాగితం నా దస్త్రంలో ఉంది. వచ్చే సమావేశానికి వాడిని కూడా తీసుకురమ్మన్నాను.